చక్కెర పాన్‌కు బొట్టు పెట్టిన రోజు

నేను ముప్పై ఏళ్ళకు పైగా పాన్ మీద పనిచేశానంటే నిజామాబాద్‌లో ఈ కాలం పిల్లలు కిళ్ళీ కొట్టు అనుకుంటారు. వాళ్ళనేం అనలేం. చక్కెర అంటే వాళ్ళకు కిరాణా దుకాణంలో ప్యాకెట్. ఆ ప్యాకెట్‌లోకి రాకముందు అది ఒక ఇనుప గంజులో ఉడుకుతుందనీ, పక్కన ఒక మనిషి నిలబడి కళ్ళతో, వేళ్ళతో దానికి కాపలా కాస్తాడనీ వాళ్ళకు ఎవరు చెప్పారు కనుక?

కాబట్టి నేనే చెప్తాను. మూత బిగించిన ఒక పెద్ద గంజు అనుకోండి, ఒక ఇల్లంత ఉంటుంది. దాన్నే పాన్ అంటారు. లోపలి గాలి లాగేస్తారు కనుక చెరుకు రసం తక్కువ వేడికే ఉడికి చిక్కబడుతుంది. చిక్కబడ్డ పాకంలో గింజ పుడుతుంది. ఆ గింజకు చంటిపిల్లకు పాలు పట్టినట్టు కొంచెం కొంచెంగా కొత్త రసం ఇస్తూ పెంచాలి. రసం ఇవ్వడం ఆలస్యమై ఆవిరి ఎక్కువైందా, పెద్ద గింజల మధ్య పిండిలాంటి సన్న గింజ పుట్టుకొస్తుంది. మా ఉస్తాద్ దాన్ని దొంగ గింజ అనేవాడు. అది తాను ఎదగదు, పక్కదాన్ని ఎదగనివ్వదు. అప్పటికీ చూసుకోకపోతే పాకం మొత్తం పాన్‌లోనే బిగుసుకుపోతుంది. ఇక గడ్డపారలే దిక్కు. మిల్లు రెండు రోజులు బంద్.

ఈ పని నాకు నేర్పిన ఉస్తాద్ బోధన్‌లోని పెద్ద ఫ్యాక్టరీలో ముసలి పాన్ మిస్త్రీ. ఇత్తడి కడ్డీతో పాన్‌లో నుంచి చిటికెడు పాకం తీసి, గాజు పలక మీద పూసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒకసారి రుద్దేవాడు. అంతే, లోపల ఏం జరుగుతుందో చెప్పేసేవాడు. నాకు మాత్రం రెండేళ్ళు పలక తుడవడం, పాన్ కడగడం తప్ప ఇంకేమీ చెప్పలేదు. నేను మొహం మాడ్చుకుంటే, "ముందుగాల పాన్ సాఫ్ రా బేటా, తర్వాతనే నీ హునర్" అనేవాడు. హునర్ అంటే పనితనం. ఆ మాట నేను విన్నాను గానీ వినలేదు. అదే ఈ కథ.

పెద్ద ఫ్యాక్టరీ మూతపడింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ గేటు తాళం ముచ్చట మాకు మళ్ళీ వినబడుతుంది. ఓట్లు అయిపోతాయి, తాళం అట్లాగే ఉంటుంది. చెరుకు వేసిన రైతులు సగం మంది వరికి తిరిగారు. నేను బోధన్ అవతల, మంజీరా వైపు ఒక సేటు పెట్టుకున్న చిన్న మిల్లులో చేరాను. పాన్‌ల మీద నలుగురం ఉండేవాళ్ళం. అందరిలో నేను పెద్ద.

పెద్ద ఫ్యాక్టరీ నుంచి నాతో పాటు ఒక రివాజు కూడా తెచ్చుకున్నాను. సీజన్ మొదలైన రోజు పాన్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడతాం. బొట్టు పెట్టాక మొదటి గింజ దిగేదాకా ఆ పాన్‌ను నీళ్ళతో గానీ ఆవిరితో గానీ కడగం. సీజన్ మొదట్లో పాన్ ఎట్లాగూ కడిగి, ఆరి ఉంటుంది. కాబట్టి ఆ రివాజుతో ఎప్పుడూ ఎవరికీ నష్టం జరగలేదు.

నా ఆఖరి సీజన్‌లో సేటు ఒక కంప్యూటర్ తెప్పించాడు. పాన్‌లో రసం, ఆవిరి మనిషి చూడనక్కరలేదు, అదే చూసుకుంటుందన్నారు. దాన్ని బిగించడానికి కంపెనీ ఒక ఇంజనీరమ్మాయిని పంపింది. కమ్మర్‌పల్లి పిల్ల. తండ్రి గల్ఫ్‌లో. పాతికేళ్ళు కూడా ఉండవు. మొదటి వారం మా నలుగురిలో ఒక్కడూ ఆమెతో మాట్లాడలేదు. నలుగురి పని ఇక ఇద్దరితో అవుతుందని సేటు అప్పటికే అనేశాడు మరి. నాకు ఆ ఒక్క సీజనే మిగిలింది, నా బాధ నాకు లేదు. నా పక్క షిఫ్టు దోస్తుకు మాత్రం ఇంకా ఏడేళ్ళ నౌకరీ ఉంది. వాడికి ఆ పని తప్ప ఇంకో పని రాదు.

ఒకరోజు ఆ పిల్లే నా దగ్గరికి వచ్చింది.

"కాకా, మీ దోస్తులు నాతోని మాట్లాడుతలేరు."

"నీ డబ్బలకు చెవులున్నయని భయమైతుందేమో బిడ్డా."

ఆమె పకపకా నవ్వింది. "చెవులు లేవు కాకా. ఒకటే కన్ను ఉంది. గది కూడా జర మసక కన్ను" అని, పాన్ లోపలికి బిగించిన స్టీలు కడ్డీ చూపించింది. పాకం ఎంత చిక్కబడిందో ఆ కడ్డీయే కంప్యూటర్‌కు చెప్తుందట. "ప్రతిసారి పాన్ దింపినంక దీనికి ఆవిరి కొట్టాలె. పాత పాకం అతుక్కోని ఎండిందంటే ఇగ గుడ్డిదే. ఒకటే అంకె పట్టుకోని కూసుంటది." ఆ మాటే తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పాన్ పక్కన అతికించింది.

తర్వాత అడిగింది. "కాకా, గా గాజు పలక మీద మీరు ఏం సూస్తరో నాకు నేర్పుతరా?"

చిన్న మిల్లులో చేరినప్పటి నుంచి నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మా సేటు కొడుకు పాన్ ఫ్లోర్ మెట్లు ఎక్కితే చొక్కాకు జిగురు అంటుతుందని కిందనే నిలబడేవాడు. ఈ పిల్ల ఒక నోట్‌బుక్ పట్టుకుని నా పక్కన స్టూలు వేసుకుంది. నేను పాకం రుద్ది, "సన్న ఇసుక లెక్క తగులాలె" అంటే, "సన్నగ అంటే ఎంత కాకా?" అనేది.

"ఎంతంటే ఏం జెప్త? గంత."

ఆమె నవ్వి, నోట్‌బుక్‌లో నిజంగానే 'గంత' అని రాసుకుంది. పది రోజుల్లో ఆమె వేళ్ళు నా వేళ్ళు చెప్పిందే చెప్పసాగాయి. నాకు ఎంత సంతోషమైందో, అంత భయమూ అయింది. మా పనిని తీసేయడానికి వచ్చిన పిల్లే మా పని నేర్చుకుంటున్నది. దీన్ని ఎట్లా చూడాలో నాకు అర్థం కాలేదు.

ఇక ఆ రోజు. కంప్యూటర్ బటన్ నొక్కడానికి సేటు ఒక లీడర్‌ను పిలిచాడు. మిల్లు ముందర షామియానా, మైకు, ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీలో ముఖాలు పన్నెండు, చెరుకు గడ ఒకటి. అది కూడా సేటు భుజం వెనక సగమే కనబడుతున్నది.

పొద్దున కంప్యూటర్ బిగించిన పాన్‌లోనే ఒక వాయి దింపాం. దింపాక ఆవిరి కొట్టాలి. ఇంతలో సేటు మనుషులు పూలదండలు పట్టుకొచ్చారు. తొమ్మిది దాటితే మంచి ఘడియ పోతుందని కంగారు. పెద్దవాణ్ణని నన్నే పూజ చేయమన్నారు. పసుపు రాశాను, బొట్టు పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను. నా దోస్తు ఆవిరి వాల్వు మీద చెయ్యి వేశాడు.

"ఆగు. బొట్టు పెట్టినంక ఆవిరి కొట్టి కడుగుతరార?" అన్నాను.

"అన్నా, మరి గా పిల్ల కాగితం?"

"కాగితం నిన్న మొన్నటిది. రివాజు పెద్ద ఫ్యాక్టరీది."

అప్పుడు ఆ పిల్ల కింద కరెంటు వైర్లు చూసుకుంటున్నది. వాడు చెయ్యి తీసేశాడు. సీజన్ నడుమ, పాకం అంటి ఉన్న పాన్‌కు, సీజన్ మొదటి రోజు రివాజు పెట్టాను. పని తెలిసినవాడు చేసే తప్పు ఇట్లాగే ఉంటుంది. తెలియనివాడైతే కాగితం చదివి కడిగేవాడు.

లీడర్ మూడు గంటలు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి చెరుకు ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీద బారులు తీరాయి. ఎండకు చెరుకు ఎండుతుంటే రైతులు మైకు వైపు చూసి తిట్లు షురూ చేశారు. లీడర్ పైకి వచ్చి బటన్ నొక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు. గింజ దిగేటప్పుడు మళ్ళీ వస్తానని చెప్పి కిందికి ఉపన్యాసానికి పోయాడు. పాన్ దగ్గర మేం ముగ్గురం మిగిలాం.

కొంతసేపటికి ఆ పిల్ల తెర ముందు ముందుకు వంగింది. అంకె కదలడం లేదు. నా వైపు తిరిగింది.

"కాకా, పొద్దున పాన్ దింపినంక కడిగిండ్రా?"

"కడిగినం" అన్నాను.

ఆలోచించి చెప్పిన అబద్ధం కాదది. నోట్లో నుంచి దానంతట అదే వచ్చింది. పాన్ కడగలేదని ఒక పాన్ మిస్త్రీ ఎట్లా చెప్తాడు? అప్పుడు నిజం చెప్పి ఉంటే ఆమె వెంటనే కంప్యూటర్ ఆపి పాన్‌ను నా చేతికి ఇచ్చేది. లీడర్ ముందు ఒక నవ్వులాటతో పోయేది. నేను కడిగానన్నాను కాబట్టి ఆమె అంకెను నమ్మింది. అంకెను కూడా కాదు, నన్ను నమ్మింది.

పాకం ఇంకా పలచగానే ఉందనుకుని కంప్యూటర్ ఆవిరి ఇస్తూనే ఉంది. రసం ఇవ్వడం లేదు. నేను నా ఇత్తడి కడ్డీ దూసి పలక మీద పూసి కిటికీ వైపు పట్టాను. పెద్ద గింజల నడుమ పిండి. దొంగ గింజ. నా దోస్తు భుజం మీది నుంచి చూశాడు. వాడికీ కనబడింది.

"అన్నా, నోరు తెరువకు" అన్నాడు చెవిలో. "పోనియ్యి. లీడర్ ముంగట్నే పోనియ్యి. మళ్ళ గీ డబ్బ ముచ్చట ఎవ్వడు ఎత్తడు. నా నౌకరీ ఉంటది."

కింద మైకులో లీడర్ గొంతు. ఇక రైతుకు మంచి రోజులు వచ్చాయట, మనిషి చెయ్యి పొరపాటు చేస్తుంది గానీ యంత్రం చేయదట.

"కాకా, గింజ ఎట్లుంది?" ఆ పిల్ల అడిగింది.

"మంచిగనే ఉంది."

"జర నన్ను సూడనియ్యండి."

ఆమె లేచి వచ్చేలోపల నేను పలక తుడిచేశాను. రెండేళ్ళు తుడిచి నేర్చుకున్న చెయ్యి, ఎంత శుభ్రంగా తుడిచిందో. ఆమె ఖాళీ పలకను చూసి, "మళ్ళ తీసినప్పుడు పిలువుండ్రి" అని తిరిగి తెర ముందుకు పోయింది.

ఒక చాయ్ తాగేంత సేపు అట్లాగే నిలబడ్డాను. పాన్‌కు ఉన్న అద్దంలో నుంచి పాకం ఎగిసిపడటం కనబడుతుంది. ఆ ఎగిసిపడటం నెమ్మదించింది. తర్వాత ముద్దలు ముద్దలుగా పొర్లసాగింది. ఇంకొంచెం పోతే బిగుసుకుంటుంది. కిటికీలో నుంచి చూస్తే ట్రాక్టర్ల బారు మలుపు దాకా ఉంది. మిల్లు రెండు రోజులు ఆగితే ఆ చెరుకంతా రోడ్డు మీదే వట్టి పిప్పి. ఆ బారులో మా ఊరి ట్రాక్టర్ కూడా ఉందని నాకు తెలుసు. వాళ్ళు నా ఒక్క మాట కోసం ఎండలో నిలబడ్డారు, ఆ సంగతి వాళ్ళకు తెలియదు.

"చేతికియ్యి బిడ్డా!" అని అరిచాను.

ఆమె ఎందుకని అడగలేదు. మీట తిప్పేసింది. నేను ఆవిరి కట్టేశాను, వేడినీళ్ళ వాల్వు తిప్పాను. నా దోస్తు ఒక్క క్షణం నన్ను చూసి, తిట్టుకుంటూనే రసం వాల్వు దగ్గరికి ఉరికాడు. పని వాడి ఒంట్లో కూడా ఉంది కదా. వేడినీళ్ళతో దొంగ గింజను కరిగించాలి, పెద్ద గింజ కరగకూడదు. కడ్డీ దూయడం, పలక చూడటం, వాల్వు తిప్పడం, మళ్ళీ కడ్డీ. వేళ్ళు కాలాయి. గంటకు పైగా ముగ్గురికీ అదే పని. చివరికి పాకం మళ్ళీ ఎగిసిపడింది. కింది తలుపు తీస్తే పాన్ దిగింది. గింజ చిన్నదే, రంగు మసకే. అయినా దిగింది. నేను మెట్ల మీద కూలబడ్డాను.

అప్పుడు లీడర్ పైకి వచ్చాడు. కంప్యూటర్ ఫెయిలైందని, ముసలి మిస్త్రీ చేతితో కాపాడాడని సేటు చెప్పాడు. లీడర్ రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. నన్ను వెంటబెట్టుకుని స్టేజీ ఎక్కించి, "ఎన్ని యంత్రాలు వచ్చినా మన కార్మికుని చేతిని మించింది లేదు" అన్నాడు. గంట ముందు అదే మైకులో చెప్పిందానికి ఇది సరిగ్గా తిరగేసిన మాట. చప్పట్లు మాత్రం అవే. నాకు శాలువా కప్పాడు. అది ఇంజనీరమ్మాయి కోసం తెప్పించిన శాలువా అని స్టేజీ దిగాక తెలిసింది.

సాయంత్రం సేటు గదిలో పంచాయితీ. ఆ పిల్ల నిలబడి ఉంది. సేటు కంపెనీతో ఫోన్‌లో అరిచి పెట్టేశాడు.

"కడ్డీ కడగకుంటే గిట్లయితది సార్" అన్నదామె. "గని కాకను అడిగిన. కడిగినం అన్నడు."

సేటు నా వైపు చూశాడు. "కడిగినవా?"

నా దోస్తు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. శాలువా ఇంకా నా భుజం మీదే ఉంది.

"కడిగిన సేట్."

ఆమె నన్ను అనుమానంగా చూసి ఉంటే బాగుండేది. తల ఊపి, "అయితే మా దాంట్లనే ఏదో తప్పుంది సార్" అన్నది. పాన్‌లోని స్టీలు కడ్డీ ఊడదీసి చూశారు. మిలమిల మెరుస్తున్నది. పాన్‌ను కాపాడిన వేడినీళ్ళే నా అబద్ధాన్ని కూడా కడిగి పెట్టాయి.

మరునాడు కంపెనీ ఆమెను వెనక్కి పిలిపించింది. గేటు దగ్గర బ్యాగు పట్టుకుని ఆటో కోసం నిలబడి నన్ను చూసి దగ్గరికి వచ్చింది. "కాకా, అంకె పట్టుకోలేంది మీ వేళ్ళు ఎట్ల పట్టుకున్నయ్?" అని అడిగింది. నేను "అనుభవం బిడ్డా" అన్నాను. ఆమె ఆ మాట కూడా రాసుకునేదేమో, నోట్‌బుక్ బ్యాగు అడుగున ఉండిపోయింది. "పలక చూసుడు ఇంకా పూర్తిగా రాలేదు నాకు. మళ్ళ వస్త" అన్నది. రాలేదు.

నేను ఆ సీజన్ చివర రిటైర్ అయ్యాను. మరుసటి సీజన్‌కు సేటు ఇంకో కంపెనీ కంప్యూటర్ తెచ్చాడు. నా దోస్తును, ఇంకొకణ్ణి తీసేశాడు. నా అబద్ధం వాడికి ఇచ్చింది ఒక్క సీజన్. వాడిప్పుడు ముప్కాల్ దగ్గర చేపల వ్యాపారం చేస్తున్నాడు. కలిస్తే ఆ రోజు ముచ్చట ఇద్దరం ఎత్తం.

నిజం చెప్పాలని నేను కమ్మర్‌పల్లి పోయాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆటో స్టాండ్‌లో అడిగితే ఇంజనీరు పిల్ల ఇల్లు ఎవరైనా చూపిస్తారు. అడగలేదు. రెండుసార్లూ చాయ్ తాగి, వచ్చిన దారినే తిరిగి వచ్చాను. శాలువా బీరువాలో ఉంది. ఎవరికైనా పెళ్ళిలో పెడదామంటుంది నా భార్య. వద్దంటాను, ఎందుకో చెప్పను.

చాయ్ హోటల్‌లో మా ఈడు వాళ్ళం కూర్చుంటే ఒకటే ముచ్చట. పనితనం పోయింది, మిషన్లు తినేశాయి, లీడర్లు తినేశారు అని. అబద్ధమేం కాదు. నేనూ తల ఊపుతాను. కానీ ఇంటికి నడిచి వస్తుంటే ఇంకొకటి గుర్తుకొస్తుంది. ఆ మిల్లులో మా పని నేర్చుకోవాలని అడిగింది ఒక్క మనిషి. ఆమెను వెళ్ళగొట్టింది మిషనూ కాదు, లీడరూ కాదు. నాకు సిగ్గుగా ఉంది. ఉస్తాద్ ముందుగా పాన్ సాఫ్ అన్నాడు, హునర్ తర్వాతే అన్నాడు. నేను హునర్ ఉంచుకుని మొదటిదాన్ని వదిలేశాను.

ఇప్పటికీ సీజన్‌లో ఆ మిల్లు నుంచి ఫోన్లు వస్తాయి. కంప్యూటర్ దగ్గర కూర్చునే పిల్లలు. "కాకా, అంకె మంచిగనే ఉంది, గింజ వస్తలేదు" అంటారు. నేను మొదట అడిగేది ఒకటే.

"కడిగిండ్రా?"

"కడిగినం కాకా" అంటారు, నా మాట పూర్తి కాకముందే.

అంత తొందరగా వచ్చే జవాబు నాకు తెలుసు. ఫోన్ పెట్టెయ్యను. "నేను ఇట్లనే ఉంట. పోయి ఒకసారి సూసి రా బిడ్డా" అంటాను.